రెండున్నరకు గొళ్ళెం

మా నాన్న సైకిల్‌కి బెల్లు ఉండేది కానీ దానితో పెద్దగా పని పడేది కాదు. చైన్ కవరు వదులైపోయి, పెడల్ తిరిగినప్పుడల్లా ఒకచోట తగిలి టక్కుమనేది. సందు మొదట్లో ఉండగానే వినబడేది. టక్... టక్... టక్. అప్పుడు టైము రాత్రి రెండున్నర. అమ్మ లేచి తలుపు గొళ్ళెం తీసేది. పిల్లలు లేస్తారని లైటు మాత్రం వేసేది కాదు.

ఇది 1980ల మాట. అప్పుడు మేం సీతానగరంలో ఉండేవాళ్ళం. పేరుకి గుంటూరు జిల్లా, బతుకంతా బెజవాడ. మధ్యలో కృష్ణ, దాని మీద ప్రకాశం బ్యారేజీ. నాన్న గాంధీనగర్లో ఒక పత్రికాఫీసులో ప్రూఫ్ రీడరు. సాయంత్రం ఆరింటికి ఇంట్లో బయల్దేరేవాడు. దూరం ఊళ్ళకి వెళ్ళే కట్టలు బస్సులు అందుకోవాలి కాబట్టి ఆ పేజీలు ముందు అయిపోయేవి. టౌన్లో పంచే పేపరు ఆఖర్న. నాన్నకి ఎప్పుడూ ఆ ఆఖరి పేజీలే పడేవి. అవి దిద్ది, మిషను తిరిగిన చప్పుడు విని, తడి ఆరని పేపరొకటి క్యారియర్‌కి పెట్టుకుని బయల్దేరేసరికి రెండు.

మాతోనే ఉండే బాబాయి, బెజవాడలో కాళేశ్వరరావు మార్కెట్ అనే చోట ఒక కూరగాయల కొట్లో గుమాస్తా. లారీలు తెల్లవారుజామునే దిగుతాయి. బస్తాల లెక్క రాసుకోవడానికి నాలుగున్నరకల్లా అక్కడుండాలి. అంటే ఇంట్లో మూడున్నరకు లేవాలి.

ఇద్దరికీ కలిపి ఒకటే సైకిల్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హెర్క్యులెస్. రాత్రి నాన్న తెస్తే తెల్లవారుజామున బాబాయి పట్టుకెళ్ళేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు బాబాయి తెస్తే సాయంత్రం నాన్న ఎక్కేవాడు. ఆ సైకిల్‌కి మాత్రం నిద్ర లేదని పిన్ని నవ్వేది. మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పొయ్యి వెలిగించాలో అన్నీ ఆ సైకిలే చెప్పేది. గోడ గడియారం ఉండేదిగానీ దానికి కీ ఇవ్వడం ఎవరికీ గుర్తుండేది కాదు.

నాన్న ఇంటికి రాగానే పడుకునేవాడు కాదు. నూతి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, అమ్మ మూతపెట్టి ఉంచిన పెరుగన్నం తిని, మెట్ల మీద కూర్చునేవాడు. పైన చొక్కా లేకుండా, తువ్వాలుతో విసురుకుంటూ. "వేడి దిగాలే" అనేవాడు. ఒంట్లో వేడి దిగితేగానీ నిద్ర పట్టదని ఆయన నమ్మకం. అది ఆయన చాదస్తమనుకునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరమ్మ కూడా సరిగ్గా అదే చెప్పింది. నిద్ర పట్టే ముందు ఒంటి లోపలి వేడి కాస్త తగ్గుతుందట, తొక్కీ పరిగెత్తీ వచ్చి వెంటనే పడుకుంటే ఒళ్ళు ఇంకా కాగుతూనే ఉంటుందట. మెట్ల మీద ఆ గంట కూర్చోవడం మా నాన్నకి ఎవరూ చెప్పి నేర్పింది కాదు, తొక్కీ తొక్కీ తెలుసుకున్నది.

ఆ గంట అయ్యేసరికి బాబాయి లేచేవాడు. అలారం లేదు. రెండున్నరకి చైన్ కవరు చప్పుడుకి సగం మెలకువ వచ్చి, పక్కకి తిరిగి, ఇంకో గంట పడుకుని లేస్తే సరిగ్గా మూడున్నర అయ్యేది. అన్నదమ్ములు మాట్లాడుకునేది ఆ మెట్ల దగ్గరే. పగలు ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండేది తక్కువ.

"గాలి చూశావా అన్నయ్యా?"

"ముందు టైరు తగ్గింది. సెంటర్లో కొట్టించుకో."

"వానొచ్చేట్టుందే."

"గోనె పట్టుకెళ్ళు."

ఇంతే. ఒక్కోసారి ఇంత కూడా ఉండేది కాదు.

సీటు సంగతి చెప్పాలి. నాన్న పొడుగు, బాబాయి పొట్టి. నాన్న ఎత్తులో ఉన్న సీటు మీద బాబాయి కూర్చుంటే మునివేళ్ళు కూడా పెడల్‌కి ఆనేవి కావు. బాబాయి ఎత్తులో నాన్న కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిల్‌కి తగిలేవి. అందుకని గుమ్మం పక్కన మేకుకి ఒక పానా వేలాడుతుండేది. నాన్న రాగానే, ఇంకా చెమట కూడా ఆరకుండానే, పానా తీసి నట్టు వదులు చేసి సీటు కిందికి దించి బిగించేవాడు, తమ్ముడి కోసం. మధ్యాహ్నం బాబాయి రాగానే, ఆకలేస్తున్నా సరే, సీటు పైకి లేపి బిగించేవాడు, అన్న కోసం. సీటు కింద రాడ్డు మీద రెండు గీతలు పడిపోయాయి. పైది నాన్నది, కిందది బాబాయిది. చీకట్లో కూడా గోటితో తడిమి గీత చూసుకుని బిగించేవాళ్ళు.

ఒక ఏడాది తాతగారి పొలం విషయంలో ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఎవరిది తప్పో నాకిప్పటికీ తెలీదు, ఇప్పుడా పొలమే లేదు. మూడు నెలలు మాటల్లేవు. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే సైకిల్ తొక్కుతూ, ఒక్క మాట లేదు. మెట్ల మీద కూర్చునే నాన్న బాబాయి లేచే అలికిడి కాగానే లోపలికి వెళ్ళి పడుకునేవాడు. అన్నిటికన్నా మాకు ఎక్కువ తెలిసిపోయింది సీటు దగ్గర. నాన్న దించడం మానేశాడు. బాబాయి లేపడం మానేశాడు. ఎవరి సీటు వాళ్ళే బిగించుకున్నారు. మూడున్నరకి చీకట్లో బాబాయి పానాతో తంటాలు పడుతుంటే ఆ చప్పుడికి పక్కింటి కుక్క మొరిగేది.

ఆ మూడు నెలలూ నాన్నకి నిద్ర సరిగ్గా పట్టలేదని అమ్మ చెప్పేది. తెల్లారేదాకా దొర్లడం, ఎండ ఎక్కాక ఎప్పుడో కన్ను మూతపడటం. ఒకరోజు మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చేసరికి వాకిట్లో సైకిల్ స్టాండు వేసి ఉంది. సీటు పై గీత దగ్గర ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తోంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. ఆ రాత్రి రెండున్నరకి గొళ్ళెం తీసిన చప్పుడు, తర్వాత పానా చప్పుడు. పెరుగన్నంలో ఊరమిరపకాయ కూడా వేసిందట ఆ రోజు.

పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుసు. ఉదయం పదింటిదాకా మేం గుసగుసల్లో బతికేవాళ్ళం. కిటికీకి గోనెపట్టా. కుక్కర్ కొనుక్కున్నా పదింటిదాకా అటక దిగేది కాదు, విజిల్ వేస్తుందని. అందుకే మా ఇంట్లో అన్నం చాలా ఏళ్ళు వార్చిన అన్నమే. కూరలమ్మి వస్తోందంటే అమ్మ వీధిలోకే ఎదురెళ్ళి, అరవకముందే బేరం చేసుకుని వచ్చేది. ఉప్పు బండివాడు కొత్తవాడైతే పాపం తెలీక ఒక్క కేక పెట్టేవాడు. అమ్మ చేతులు ఊపుతూ పరిగెత్తేది.

మే నెలలో ఇంకా కష్టం. బెజవాడ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, నలభై అయిదు దాటిన రోజులు చూశాం. అసలు ఎనిమిదింటికే గది కొలిమి. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి అమ్మ గంటకోసారి నీళ్ళు చల్లేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను గొంతు తగ్గించేస్తాను.

వేసవి రాత్రులు మాత్రం మాకు పండగ. సాయంత్రం డాబా మీద నాలుగు బకెట్లు నీళ్ళు కొడితే పొగలు వచ్చేవి. చీకటి పడ్డాక చాపలూ మడతమంచాలూ పైకి. తొమ్మిదిన్నర పదింటికి పైరగాలి మొదలయ్యేది. మాకది హాయి. నాన్నకది శత్రువు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు పైరగాలి ఇంకా లేవదు, తిరిగి వచ్చేటప్పుడు దక్షిణం నుంచి ముఖాన కొడుతుంది. బ్యారేజీ అంతా ఎదురుగాలే. "ఎనిమిది గంటల చాకిరీ ఒకెత్తు, ఆ కిలోమీటరూ ఒకెత్తు" అనేవాడు. ఎవరైనా బ్యారేజీ పొడుగు కిలోమీటరున్నర అంటే ఊరుకునేవాడు కాదు. "1,223 మీటర్లన్నర" అని దిద్దేవాడు. ప్రూఫ్ రీడరు కదా.

దానికి 70 గేట్లు. 1957లో కట్టింది. నిద్ర రాకుండా ఉండటానికి నాన్న బెజవాడ వైపు నుంచి గేట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చేవాడు. యాభై దాకా బాగానే ఉంటుందట. యాభైకీ అరవైకీ మధ్య కళ్ళు బరువెక్కుతాయట. అక్కడ కావాలని బెల్లు కొట్టుకునేవాడు, ముందు ఎవరూ లేకపోయినా. సైకిల్ తొక్కుతూ ఎవరికైనా నిద్ర వస్తుందా అని అడిగితే, "లారీ వెనకాల వస్తుంటే రాదు, ఒక్కణ్ణే ఉంటే వస్తుంది" అన్నాడు. అప్పటికి కనకదుర్గ వారధి లేదు. మద్రాసు వైపు వెళ్ళే లారీలన్నీ బ్యారేజీ మీదనుంచే. లారీ హారనే నయమట, నిద్ర వదిలిస్తుంది.

డాబా మీద పడుకున్న రాత్రుల్లో అమ్మ గొళ్ళెం తీయాల్సిన పని లేదు కదా, హాయిగా పడుకుంటుందనుకునేదాన్ని. ఒకసారి దాహమేసి లేస్తే అమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. బ్యారేజీ లైట్ల వరస కింద ఒక చిన్న వెలుగు కదులుతోంది. డైనమో దీపం. తొక్కుడు జోరందుకుంటే తెల్లగా, ఎదురుగాలికి నెమ్మదిస్తే ఎర్రగా, మళ్ళీ తెల్లగా. అది నాన్నదో కాదో ఎలా తెలుసని అడిగాను. "పడుకో" అంది.

ఇప్పుడు ఈ వయసులో ఆలోచిస్తే లెక్క తేలుతోంది. నాన్న మూడున్నరకి పడుకుంటే పదిదాకా, ఆరున్నర గంటలు. బాబాయి రాత్రి ఎనిమిదింటికల్లా రేడియో పాట సగంలో ఉండగానే గురక, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక కునుకు. ఇద్దరికీ సరిపోయింది. పైగా తొక్కిన కాళ్ళు, పడితే పడ్డట్టే. అమ్మ పదింటికి పడుకుని రెండున్నరకి లేచి, నాన్నకి అన్నం పెట్టి, మూడున్నరకి బాబాయికి టీ కాచి, మళ్ళీ నడుం వాల్చి అయిదింటికి నీళ్ళ కోసం లేచేది. పిన్ని కాన్పుకి వెళ్ళినప్పుడే కాదు, ఉన్నప్పుడూ అంతే, చంటిపిల్లలతో ఆవిడ పని ఆవిడకే సరిపోయేది. సైకిల్ ఎన్నడూ ఎక్కని మనిషి మా ఇంట్లో అమ్మ ఒక్కతే. అందరికన్నా తక్కువ నిద్ర కూడా ఆవిడదే. ఆ రోజుల్లో ఈ లెక్క ఎవరూ వేయలేదు, నాతో సహా.

ఒక రాత్రి రెండున్నరకి టక్కుటక్కు రాలేదు. మూడైంది, రాలేదు. అమ్మ నన్ను లేపింది. ఎందుకు లేపిందో తెలీదు, తోడుకేమో. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. మూడున్నరకి బాబాయి లేచి, సైకిల్ లేదని చూసి, చొక్కా తొడుక్కుని ఏమీ మాట్లాడకుండా బ్యారేజీ వైపు నడిచాడు. అమ్మ పెదాలు కదులుతున్నాయి, కొండ మీది దుర్గమ్మకే మొక్కుకుంటోంది.

జరిగింది ఇదీ. డైనమో తీగ తెగి లైటు వెలగలేదు. టౌను చివర ఒక కానిస్టేబులు ఆపాడు. లైటు లేని సైకిల్‌కి అప్పట్లో ఫైన్ వేసేవాళ్ళు. ఫైన్ కట్టడానికి జేబులో చిల్లర లేదు. ముందు చక్రం వాల్ ట్యూబు పీకేసి పొమ్మన్నాడు. గాలి దిగిపోయిన సైకిల్ని నడిపించుకుంటూ 70 గేట్లూ దాటాలి. సగం దూరంలో అన్నదమ్ములు ఎదురుపడ్డారు. బాబాయి జేబులో వాల్ ట్యూబు ముక్క ఉందిగానీ పంపు లేదు. మార్కెట్‌కి నడిచి వెళ్ళాడు. ఆలస్యమైందని ఆ రోజు కొట్లో సగం కూలి కోసేశారు. నాన్న నాలుగున్నరకి ఇంటికి చేరి, ఆ కోపంలో పడుకోకుండా ఏడింటిదాకా డైనమో విప్పుకుని కూర్చున్నాడు. మర్నాడే అమ్మ పోపులపెట్టె డబ్బులతో మూడు బ్యాటరీల టార్చి కొనిపించింది. లైటు పోతే హ్యాండిల్‌కి కట్టుకోమని.

నాన్నకి నిద్ర పట్టని రోజులు ఇంకో రకం కూడా ఉండేవి. తెచ్చిన పేపరు మెట్ల మీద కూర్చుని టార్చి వెలుగులో ఓసారి తిరగేసేవాడు. అందులో ముద్రారాక్షసం కనబడిందంటే అయిపోయింది. ఒకసారి ఎవరో పెద్దాయన పోతే జరిగిన "సంతాప సభ" పేపర్లో "సంతోష సభ" అని పడింది. తన కంటి కిందనుంచే వెళ్ళిన పేజీ. మిషను తిరిగిపోయింది, కట్టలు వెళ్ళిపోయాయి. ఇక చేసేదేం లేదు. పెన్సిల్‌తో ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, అంచున దిద్ది, మడిచి పక్కన పెట్టాడు. ఆ పగలంతా గోనెపట్టా వెనక కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. బాబాయి మధ్యాహ్నం వచ్చి, విషయం విని, నవ్వాపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పత్రికకి సెలవు రోజులు కొన్నే. సంక్రాంతి, ఉగాది, దీపావళి, ఆగస్టు పదిహేను, అలాంటివి. ఆ రాత్రులు నాన్న అందరితోపాటు పడుకునేవాడు, పడుకోవడమంటే వాలడమే. ఒక ఆగస్టు పదిహేను రాత్రి ఒంటిగంటకి నన్ను లేపి "వస్తావా" అన్నాడు. ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టాడు. కృష్ణ నిండుగా వస్తోంది, గేట్లు ఎత్తారు. బ్యారేజీ ఎక్కీ ఎక్కకముందే హోరు. మధ్యకి వచ్చేసరికి తుంపర మొహాన కొట్టి, డైనమో వెలుగులో ఆవిరిలా కనబడింది. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు. నాన్న ఒక స్తంభం దగ్గర కాలు ఆనించి ఆపాడు. ఆపగానే దీపం ఆరిపోయింది. నీళ్ళ చప్పుడులో ఏదో చెప్పాడు, నాకు వినబడలేదు. మళ్ళీ అడగలేదు. ఇంటికి వచ్చేసరికి రెండున్నర. టక్కుటక్కు విని అమ్మ గొళ్ళెం తీసింది. మేం వెళ్ళింది ఆమెకి తెలీదనుకున్నాం.

నాన్న రిటైరయ్యాక మేం బెజవాడలోనే పటమట వచ్చేశాం. పన్నెండింటికి ఒక కునుకు, రెండున్నరకి మెలకువ. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. 2017లో ఒంటి గడియారం గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారని పేపర్లో వస్తే ఆయనకి చదివి వినిపించాను. పళ్ళ మీద వాలే చిన్న ఈగల్లో కనిపెట్టారట నాన్నా అంటే, "ఈగలదాకా ఎందుకు, మీ అమ్మని చూస్తే సరిపోయేది" అన్నాడు. ఆయనా లెక్క వేసుకున్నాడన్నమాట, కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత మూడేళ్ళకి పోయాడు.

సైకిల్ బాబాయి కొడుకు దగ్గర ఉంది. తొక్కడు, ఇనప సామాన్లవాడికి వేయడు.

మా అబ్బాయికి ఇప్పుడు సైకిల్ పిచ్చి. వాడిది మరో లోకం. పొద్దున్నే అయిదింటికి హెల్మెట్, చేతికి వాచీ. బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్ళి, ఎండ ఎక్కకముందే వచ్చేసి ఆఫీసుకీ దాని మీదే వెళ్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఫోను పక్కన పెట్టేసి పడుకుంటాడు, అందుకు మాత్రం మెచ్చుకోవాలి. ఆ వాచీ నిద్రకి కూడా మార్కులు వేస్తుంది. మొన్నొక రాత్రి సరదాకి అమ్మమ్మ చేతికి కట్టాడు. పొద్దున్నే గీతలు చూపిస్తూ, "అమ్మమ్మా, రెండున్నరకి లేచి అయిదు నిమిషాలు నడిచావు. ఎక్కడికెళ్ళావు?" అన్నాడు.

"మంచినీళ్ళకి" అంది అమ్మ.

వంటిల్లు ఒక పక్క, వీధి తలుపు ఇంకో పక్క. ఎటు వెళ్ళిందో నాకు తెలుసు. గొళ్ళెం తీసిన చప్పుడూ, కాసేపాగి మళ్ళీ వేసిన చప్పుడూ నాకూ వినబడ్డాయి.